సముద్రపు ఊళ్లో మొదటి వేసవి

మీకు విశాఖపట్నం బదిలీ అయింది. ఇంట్లో అందరికీ సంబరమే. పిల్లలు ఇసుకలో ఆడుకోవడానికి ఇప్పటికే ప్లాస్టిక్ బకెట్లు కొనిపించుకున్నారు. నెలకోసారైనా సింహాచలం అప్పన్నను చూసి రావచ్చని మీ అమ్మగారి ఆశ. హైదరాబాద్ ట్రాఫిక్ తప్పుతుందని మీకు ఊరట. డిసెంబరులో నాలుగు రోజులు వచ్చి ఊరు చూసి వెళ్లారు. సాయంత్రం బీచ్ రోడ్డులో నడిచారు, కైలాసగిరి ఎక్కారు, ఇంత హాయైన ఊరు ఇంకెక్కడుందని అనుకున్నారు.

మరి మే నెలలో చూశారా?

మిమ్మల్ని భయపెట్టాలని అడగడం లేదు. పిల్లా పాపలతో బతకడానికి విశాఖ చాలా మంచి ఊరు. అయినా కొత్తగా వచ్చిన ఇళ్లలో ‘మనకు ఈ ఊరు పడదు, వెనక్కి పోదాం’ అన్న మాట మొదటి వేసవిలోనే మొదలవుతుంది. ఎందుకంటారు? పొడి వేడికి అలవాటుపడ్డ ఇంటి పద్ధతులనే ఉక్కపోతలోనూ కొనసాగిస్తాం కాబట్టి. అదే వేళకు వంట, అదే వేళకు బజారు, అదే కూలరు, అవే బట్టలు.

హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున కూడా నీడలోకి వెళితే ప్రాణం లేచొస్తుంది. చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. విశాఖలో తీరం పక్కన మేలో 35 డిగ్రీల దగ్గరే ఉండొచ్చు. కానీ గాలినిండా తేమ ఉండటంతో చెమట ఆరదు. నీడలో కూర్చున్నా కారుతూనే ఉంటుంది, రాత్రయినా ఉక్క వదలదు. పడమటి నుంచి వడగాలి వీచి, సముద్రపు గాలి ఆలస్యమైన రోజున ఇక్కడా 40 దాటొచ్చు. సిద్ధాంతం ఇంతే. దీన్నిబట్టి మీరు చేయాల్సిన పనులేమిటో చూద్దాం.

1. ఊరిని మేలో చూడండి

నిర్ణయం ఇంకా మీ చేతిలోనే ఉంటే ఏప్రిల్ ఆఖరులోనో మేలోనో ఒకసారి రండి. హోటల్ ఏసీ గదిలో కాకుండా తెలిసినవాళ్ల ఇంట్లో రెండు రాత్రులు పడుకోండి. మధ్యాహ్నం సిటీ బస్సు ఎక్కండి. రాత్రి పదింటికి డాబా మీద నిలబడండి. అప్పుడు ‘ఇక్కడ ఉండగలమా?’ అని ఇంట్లో అందర్నీ అడగండి, పిల్లల్ని కూడా.

నిర్ణయం ఇప్పటికే జరిగిపోయిందా? అయితే మకాం మార్చే నెలనైనా ఎంచుకోండి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపు వచ్చేవాళ్ల ఒళ్లు వేసవికి మెల్లగా అలవాటుపడుతుంది. పిల్లల చదువు వల్ల అది కుదరక మే, జూన్‌లలోనే రావాల్సి వస్తే ఒకరు ముందుగా వచ్చి ఇల్లు, నీళ్లు, కరెంటు, ఏసీ, దోమల మెష్‌లు సిద్ధం చేశాక మిగతావాళ్లు రావడం మేలు. రోహిణి కార్తెలో సామాను లారీ దింపుతూ, పసిపిల్లను చంకనేసుకుని ఎలక్ట్రీషియన్ కోసం తిరిగే అవస్థ ఎవరికీ వద్దు.

2. ఇంటిని రెండు వేళల్లో చూడండి

ఉదయం పదింటికి ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. నచ్చిన ఇంటికి మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి వెళ్లండి. మూడింటికి పడమటి గోడ మీద అరచేయి పెట్టి చూడండి. రాత్రి పడకగదిలో ఫ్యాను ఆపి ఐదు నిమిషాలు కూర్చోండి. పై అంతస్తు అయితే పగలంతా కాగిన శ్లాబు రాత్రి వేడిని కిందికి దింపుతుంది. అద్దె రెండు వేలు తక్కువని టాప్ ఫ్లోర్ తీసుకుంటే ఆ రెండు వేలూ కరెంటు బిల్లుకే పోవచ్చు. ఇల్లు నచ్చి, పై అంతస్తు తప్పకపోతే శ్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించమని ఇంటి ఓనర్ని అడగండి. అది పెద్ద ఖర్చేమీ కాదు.

ఇల్లు ఖాయం చేసే ముందు ఇవి అడగండి:

– ఎదురెదురు కిటికీలు ఉన్నాయా? గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోతుందా? పక్క అపార్ట్‌మెంటు గోడ గాలికి అడ్డమా?
– జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి ఉందా, బోరేనా, ట్యాంకర్లా? తీరానికి దగ్గర్లో కొన్నిచోట్ల బోరునీరు ఉప్పగా ఉంటుంది. ఒక గ్లాసు పట్టి నోట్లో వేసుకుని చూడండి. మే నెలలో నీళ్లు ఎలా వస్తాయో పక్క ఫ్లాటువాళ్లను అడగండి, ఓనర్ని కాదు.
– పక్కన గెడ్డ ఉందా? కొండల మీద పడ్డ వాన ఈ ఊళ్లో గెడ్డల్లోంచే సముద్రానికి పోతుంది. ఎండాకాలంలో పిల్లకాలువలా కనిపించే గెడ్డ అక్టోబరు వానకు రోడ్డెక్కుతుంది.
– ఇల్లు కొండవాలు కిందుందా? వెనక రిటైనింగ్ వాల్ ఉంటే పగుళ్లున్నాయేమో చూడండి.
– దగ్గర్లో ఏ పరిశ్రమ ఉంది? రేవు వైపు కొన్ని పేటల్లో బొగ్గుధూళి సమస్య ఉంది. 2020 మే 7న వెంకటాపురం దగ్గర జరిగిన స్టైరిన్ గ్యాస్ ప్రమాదం తర్వాత ఈ ప్రశ్న అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కర్లేదు.
– జనరేటర్ లిఫ్టుకేనా, ఇంట్లో ఫ్యానుకు కూడానా?

‘సముద్రం కనిపించే ఇల్లు’ మీద చాలామందికి మోజు. తప్పులేదు. కానీ తీరానికి ఎంత దగ్గరైతే ఉప్పుగాలి అంత ఎక్కువ, తుప్పు అంత ఎక్కువ. రెండు మూడు కిలోమీటర్లు లోపలికి ఉంటే సాయంత్రం గాలి అందుతుంది, సామానూ నిలుస్తుంది.

3. ఉద్యోగం, బడి ఒకే దిక్కున ఉండాలి

విశాఖ సముద్రానికీ కొండలకూ మధ్య పొడవునా సాగిన ఊరు. ఉద్యోగం గాజువాక, కూర్మన్నపాలెం వైపు, పిల్లల బడి మధురవాడ వైపు, ఇల్లు మధ్యలో సీతమ్మధారలో పెట్టుకుంటే ఏమవుతుంది? ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో దిక్కుకు రోజూ చెమటోడుస్తూ వెళ్లాలి. ఎన్ఏడీ కొత్త రోడ్డు దగ్గర ఆగిన బస్సులో యూనిఫాం తడిసి ముద్దయిన పిల్లవాడిని ఒక్కసారి ఊహించుకోండి.

ముందు ఆఫీసు ఎక్కడో చూసుకోండి. తర్వాత దానికి దగ్గర్లో బడి. ఆ రెండింటి నడుమ ఇల్లు. స్టీల్‌ప్లాంటు, ఫార్మా కంపెనీల ఉద్యోగులకు గాజువాక, కూర్మన్నపాలెం వీలు. రుషికొండ ఐటీ కొండల మీద పనిచేసేవాళ్లకు మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ వీలు. ఊరి మధ్యలో పని ఉన్నవాళ్లకు ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, అక్కయ్యపాలెం బాగుంటాయి. ముందు పదకొండు నెలల అద్దె ఒప్పందం మీద ఉండండి. ఒక వేసవి, ఒక తుఫాను కాలం గడవకుండా ఇక్కడ ఫ్లాటు కొనకండి.

4. కూలరు అక్కడే అమ్మేయండి

చాలామంది చేసే మొదటి పొరపాటు హైదరాబాద్ కూలర్ను లారీలో వేసుకురావడం. కూలరు గాలిలోకి తేమ వదిలి చల్లబరుస్తుంది. ఇక్కడ గాలిలో తేమ ముందే నిండుగా ఉంది. కిటికీలు మూసి కూలరు వేశారంటే గంటలో పరుపు జిగటగా అవుతుంది, ఇంట్లో అందరికీ చిరాకు. దాన్ని అక్కడే అమ్మి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి మంచి సీలింగ్ ఫ్యాన్లు కొనండి. కనీసం ఒక గదిలో ఏసీ తప్పనిసరి అనుకోండి. అది ఇంట్లో అతి చిన్నవాళ్లు, అతి పెద్దవాళ్లు పడుకునే గది కావాలి. ఏసీ 26 మీద పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. వానాకాలంలో డ్రై మోడ్ వాడండి. కరెంటు వాడకం పెరిగేకొద్దీ పై శ్లాబులో యూనిట్ రేటు కూడా పెరుగుతుందని గుర్తుంచుకుని ఇంటి బడ్జెట్లో మే, జూన్ బిల్లులకు ముందే కొంత పక్కన పెట్టండి.

ఇంకేం తేవద్దు? పార్టికల్ బోర్డు బీరువాలు, మందపాటి సోఫా కవర్లు, పాలిస్టర్ దుప్పట్లు, వెల్వెట్ కర్టెన్లు. ఏం తేవాలి? నూలు దుప్పట్లు, పాత నేత చీరలు, పంచెలు, నులక మంచం ఉంటే అది, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు.

5. ఇంటి వేళలు మార్చండి

ఇక్కడ చెప్పినవాటిలో ఒక్క సూచనే పాటించగలిగితే ఇదే పాటించండి. ఈ తీరంలో పుట్టి పెరిగినవాళ్లను గమనించండి. తెల్లారగట్ల నాలుగున్నర, ఐదింటికే వీధులు మేలుకుంటాయి. రైతుబజారు సందడి పొద్దున్నే. ఫిషింగ్ హార్బర్‌లో చేపల బేరమూ పొద్దున్నే. మధ్యాహ్నం పనిలేనివాళ్లు బయట కనపడరు. సాయంత్రం ఐదున్నర దాటాక ఊరు ఊరంతా సముద్రం వైపు నడుస్తుంది.

ఇప్పుడు కొత్తగా వచ్చిన ఒక ఇంటిని చూడండి. ఏడున్నరకు లేస్తారు. హడావుడిగా టిఫిను. పదకొండింటికి గృహిణి వంటింట్లోకి వెళుతుంది. పప్పు, కూర, పులుసు, వేపుడు, అప్పటికప్పుడు రోటీలు. ఒంటిగంటన్నరకు ఆమె బయటికి వచ్చేసరికి చీర తడిసి వీపుకు అంటుకుపోయి ఉంటుంది, తినబుద్ధి కాదు. ‘ఈ ఊళ్లో నా వల్ల కాదండీ’ అంటుంది. భర్త ‘అందరూ ఉండటం లేదా?’ అంటాడు. గొడవ అక్కడ మొదలవుతుంది. నిజానికి ఆమె వల్ల కానిది ఊరు కాదు, పదకొండింటి పొయ్యి.

అదే ఇంట్లో వేళలు ఇలా మార్చి చూడండి:

– ఐదింటికి లేవండి. ఆరున్నరలోపు మధ్యాహ్నం కూర, పప్పు కూడా అయిపోవాలి. మధ్యాహ్నానికి అన్నం ఒక్కటే పొయ్యెక్కాలి.
– వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను, ఒక గోడ ఫ్యాను పెట్టించండి. టీవీ కంటే ముందు కొనాల్సినవి ఇవి.
– నాలుగు రకాలు వండాలన్న పట్టుదల మార్చి నుంచి జూన్ దాకా వదిలేయండి. ఒక కూర, ఒక పచ్చడి, మజ్జిగ చాలు. ఆమె ఒక్కతే వండాలన్న నియమం మాత్రం ఏ నెలలోనూ వద్దు. ఉదయం కూరగాయలు తరిగే పని భర్తది, నీళ్లు పట్టే పని పెద్దపిల్లలది.
– కిటికీల్లోంచి ఎండ కొట్టకముందే తెరలు దించండి. సముద్రపు గాలి మళ్లాక తెరవండి. ఏ కిటికీ నుంచి ఏ వేళకు గాలి వస్తుందో వారంలో మీకే తెలిసిపోతుంది.
– పదకొండు నుంచి నాలుగు దాకా బయటి పనులు పెట్టుకోకండి. బ్యాంకు, గ్యాసు, స్కూలు ఆఫీసు పనులన్నీ పదిన్నరలోపే చూసుకోండి.
– పిల్లల ఆటలు ఉదయం ఆరు నుంచి ఏడున్నర, సాయంత్రం ఐదున్నర తర్వాత. మధ్యాహ్నం బొమ్మలు, పుస్తకాలు, నిద్ర.
– సాయంత్రం రెండో స్నానం అందరికీ. ఇక్కడ అది అవసరం, విలాసం కాదు.

తిండి విషయంలో ఈ ప్రాంతం అలవాట్లే మీకు గురువులు. ఉత్తరాంధ్ర ఇళ్లలో వేసవి వచ్చిందంటే చోడి అంబలి, తరవాణి, ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం. రోడ్డు పక్కన తాటి ముంజలు, కొబ్బరి బోండాలు. పిల్లలకు శీతల పానీయాల బదులు ఇవి అలవాటు చేయండి. చేపల ప్రియులకు ఒక మాట: సంతానోత్పత్తి కోసం ఈ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు వంజరం, చందువాయి తక్కువగా దొరుకుతాయి, ధర ఎక్కువ పలుకుతుంది. ఐసులో ఎన్నాళ్లుందో తెలియని చేపను తాజాదని కొనకండి. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను లోపలికి పోకూడదు.

6. ఒంటికి రెండు వారాల గడువివ్వండి

కొత్త వేడికి ఒళ్లు అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో కొత్త జిమ్ము, ఎండలో ఊరు చూడటం, ఉపవాసాలు పెట్టుకోకండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగించండి. బాగా చెమట పట్టిన రోజున ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో ఇవ్వండి. వట్టి నీళ్లు మాత్రమే తాగితే పోయిన ఉప్పు తిరిగి రాదు. బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు నీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలో డాక్టర్నే అడగాలి.

చెమటకాయలకు పౌడరు దట్టంగా పూయకండి, రంధ్రాలు మూసుకుపోతాయి. చన్నీళ్ల స్నానం, వదులైన నూలుబట్ట, గాలి చాలు. తడి లోదుస్తులతో ఉండటం వల్ల వచ్చే తామరకు మందుల దుకాణంలో ఏదో ట్యూబు కొని రాయడం ఇంకో పొరపాటు. స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు పైకి తగ్గించినట్టే తగ్గించి తామరను ముదరబెడతాయి. చర్మం డాక్టరుకు చూపించండి.

మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా, ఫరవాలేదు అనుకోకండి. 108కి ఫోను చేయండి. ఈలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ ఫ్యాను పెట్టండి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

ఇక దోమలు. డెంగీ దోమ పగలు కుడుతుంది, మీరు దాచుకున్న మంచినీళ్లలోనే పుడుతుంది. వారానికి ఒకరోజు డ్రమ్ములు, పూలకుండీల పళ్లాలు, ఫ్రిజ్ వెనక ట్రే ఖాళీ చేసి తుడవండి. దోమల మెష్‌ల ఖర్చు ఓనర్ పెట్టకపోతే మీరే పెట్టుకోండి.

7. ఉప్పుగాలికి వారానికి ఒక గంట

తీరంలో ఇనుము ఊరుకోదు. బండిని వారానికోసారి మంచినీళ్లతో కడిగి, ఆరాక చైనుకు నూనె వేయండి. బీచ్‌కి వెళ్లొచ్చిన రోజున ఆ సాయంత్రమే కడగండి. ఏసీ కొనేటప్పుడు కండెన్సర్‌కు తుప్పు పట్టని పూత ఉందో లేదో అడగండి. బయటి యూనిట్‌ను వేసవి ముందు, వానల తర్వాత సర్వీసు చేయించండి. గ్రిల్లుకు తుప్పు చుక్క కనపడగానే గీకి రెడ్ ఆక్సైడ్ పూయండి.

ఇంట్లో తేమ సంగతి కూడా చూసుకోవాలి. పట్టుచీరలు వాన లేని రోజున నీడలో గాలికి ఆరబెట్టండి. బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. సర్టిఫికెట్లు, ఫొటోలు సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. అప్పడాలు, రవ్వ, కందిపప్పు నెలకు సరిపడానే కొనండి. ఏడాది సరుకు నిల్వ చేసే హైదరాబాద్ పద్ధతి ఇక్కడ పురుగుకు విందు.

8. తుఫానుకు భయం వద్దు, సిద్ధంగా ఉండండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలికి చెట్లు, స్తంభాలు కూలి, రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం, మేలోనూ వస్తాయి. మీ ఇంట్లో ఏర్పాటు ఏది?

– సెప్టెంబరు నెలాఖరుకు ఒక సంచి సిద్ధం చేయండి: రెండు టార్చిలు, బ్యాటరీలు, పవర్ బ్యాంకు, చిన్న రేడియో, పది రోజుల మందులు, పిల్లల పాలపొడి, అటుకులు, బెల్లం, బిస్కట్లు, చిన్న నోట్లలో కొంత నగదు, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు.
– వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే డ్రమ్ములన్నిటా నీళ్లు పట్టండి. కరెంటు పోతే మోటారు ఉండదు, మోటారు లేకపోతే కుళాయి ఉండదు.
– బాల్కనీలో కుండీలు, కుర్చీలు లోపల పెట్టండి. బండి చెట్టు కింద, హోర్డింగు కింద ఉంచకండి.
– గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను వెళ్లిపోయిందని బయటికి రాకండి. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి రెండో దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. అధికారులు చెప్పేదాకా గడప దాటకండి.

9. సముద్రం ఆటస్థలం కాదని పిల్లలకు మొదటిరోజే చెప్పండి

ఆర్కే బీచ్ చూడటానికి, నడవడానికి, గాలి పీల్చుకోవడానికి. అక్కడ ఒడ్డు దగ్గరే లోతు పెరుగుతుంది, వెనక్కి వెళ్లే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. యారాడ కూడా అంతే ప్రమాదం. ఈత వచ్చిన యువకులు కూడా మునిగిపోతారు. నీళ్లలో ఆడాల్సివస్తే లైఫ్‌గార్డులు ఉన్నచోట, వాళ్లు చూపిన హద్దులోనే. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండలో అలాంటి ఏర్పాటు ఉంది. ఇంట్లో ఒక నియమం పెట్టండి: మోకాలు దాటి నీళ్లలోకి వద్దు, పెద్దవాళ్లు లేకుండా అసలే వద్దు. ఎవరైనా లోపలికి లాగబడితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ లాగుడు నుంచి బయటపడాలని పెద్దపిల్లలకు నేర్పండి. పక్కవాళ్లు దూకకుండా లైఫ్‌గార్డును పిలవాలి.

10. చదువు, కాగితాలు: ఆలస్యం చేస్తే నష్టం

మీ అబ్బాయి ఎనిమిదో తరగతి దాటాడా? అయితే ఇల్లు చూడకముందే ఈ విషయం చూడండి. ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సుల్లో రాష్ట్రాల లోకల్ కోటా ప్రధానంగా ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు మీద, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఎక్కడ చదివారన్న దాని మీద ఆధారపడుతుంది. మధ్యలో తెలంగాణ నుంచి ఆంధ్రకు మారితే రెండుచోట్లా చిక్కు రావచ్చు. ఆ ఏటి నిబంధనలు చదివి, అవసరమైతే పిల్లవాడి ఇంటర్ అయ్యేదాకా కుటుంబం అక్కడే ఉండి, ఒక్కరే ఇక్కడికి రావడం గురించి కూడా ఆలోచించండి. చిన్నపిల్లలకు ఈ బెంగ లేదు. వాళ్లకు టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, టీకాల కార్డు తెచ్చుకుంటే చాలు.

మిగతా కాగితాలు చకచకా: ఆధార్‌లో చిరునామా, గ్యాస్ కనెక్షన్ బదిలీ, ఓటుకు ఫారం 8. తెలంగాణ రిజిస్ట్రేషన్ బండి ఏడాది దాటి ఇక్కడ ఉంటే పాత ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తెచ్చి కొత్త నంబరు తీసుకోవాలి. ఏ సేవకు ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మీ వార్డు సచివాలయం ఎక్కడో కనుక్కోండి.

పండక్కి ఊరెళ్లే టికెట్ల సంగతీ మరవకండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ అయినా వందే భారత్ అయినా సంక్రాంతికి అరవై రోజుల ముందు రిజర్వేషన్ తెరిచిన ఉదయమే బుక్ చేయాలి.

11. మొదటి నెలలో నలుగురు మనుషుల్ని సంపాదించండి

ఉద్యోగం ఉన్నవాళ్లకు ఆఫీసు ఒక ఊరు. బడికెళ్లే పిల్లలకు తరగతి ఒక ఊరు. మరి ఇంట్లో ఉండే మనిషికి? ఉద్యోగం మానేసి మీ వెంట వచ్చిన భార్యకు, ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగును వదిలి వచ్చిన అమ్మకు ఎవరున్నారు? ఉక్కపోతను ఒంటరితనం రెట్టింపు చేస్తుంది. దీన్ని ఎవరూ పైకి చెప్పరు, ‘ఎండ పడటం లేదు’ అంటారు.

మొదటి నెలలో నలుగురితో పరిచయం పెంచుకోండి: అర్ధరాత్రి తలుపు తట్టగలిగిన పక్కింటివాళ్లు ఒకరు, నమ్మకమైన ఆటో అతను ఒకరు, మందుల దుకాణం అతను ఒకరు, మీ ఇంటికి దగ్గర్లో ఉన్న పిల్లల డాక్టరు ఒకరు. ముందు మీరే పలకరించండి. సాయంత్రం మెట్ల మీద గాలికి కూర్చున్న పెద్దావిడ ‘ఏటమ్మా, కొత్తగా వచ్చారేటి?’ అని అడిగితే రెండు ముక్కల్లో ముగించి లోపలికి వెళ్లకండి. పక్కన కూర్చోండి. ఏ వేళకు కుళాయి వస్తుందో, ఏ గెడ్డ పొంగుతుందో, పనమ్మాయి ఎవరింట్లో చేస్తుందో ఆవిడకు తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు.

పెద్దవాళ్లకు గుళ్లలో స్నేహాలు తొందరగా కుదురుతాయి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి ఊరంతా కదులుతుంది. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ. ఓపిక ఉన్నవాళ్లు నడవండి, లేనివాళ్లు దారిలో నడిచేవాళ్లకు మంచినీళ్లు, మజ్జిగ పంచండి. ఏడాదంతా పలకరించే మనుషులు అక్కడ దొరుకుతారు.

పిల్లల యాసను బడిలో ఎవరైనా వెక్కిరిస్తే తేలిగ్గా కొట్టేయకండి. మన మాట మనకెంత ముద్దో వాళ్ల మాట వాళ్లకంత ముద్దని, రెండూ తెలుగేనని చెప్పండి. ఇంట్లో మీరు ఇక్కడి యాసను అనుకరించి నవ్వుకోకండి. పిల్లలు అదే నేర్చుకుంటారు.

చివరిగా ఒక మాట

‘మా పాత ఊళ్లో అయితే...’ అని మొదలయ్యే వాక్యాన్ని ఇంట్లో కొన్నాళ్లు పక్కన పెట్టండి. కష్టం ఉంటే కష్టమని చెప్పుకోండి, కానీ పోలిక తెచ్చి ఒకరినొకరు నిందించుకోకండి. ఉక్కగా ఉన్న మధ్యాహ్నం ఎవరూ పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దు. మాట్లాడాల్సింది ఉంటే సాయంత్రం గాలి తిరిగాక మాట్లాడుకోండి.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరూ కూర్చుని ఒక కాగితం మీద మీ కొత్త వేళలు రాయండి. ఎవరు ఎన్నింటికి లేస్తారు, వంట ఎప్పుడు, బజారు ఎవరు, సాయంత్రం నడక ఎక్కడికి. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఊరు మీకు పడుతుందా లేదా అన్న తీర్పు మాత్రం ఒక పూర్తి ఏడాది గడిచాకే చెప్పండి. ఒక్క మే నెలను చూసి ఊరిని వదులుకోకండి.